వంటగట్టు మీద దీపం



తుంగతుర్తి నుంచి సూర్యాపేట దాకా, అటు కోదాడ, మిర్యాలగూడ వైపూ ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా పిల్లర్లు లేచిన ఇళ్లు, సెంట్రింగు కొట్టిన ఇళ్లు కనిపిస్తున్నాయి. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద 5 లక్షల సాయంతో, 400 చదరపు అడుగులకు తగ్గకుండా కట్టుకునే ఇళ్లు కొన్ని. పిల్లలు అమెరికా నుంచో హైదరాబాదు నుంచో పంపిన డబ్బుతో లేస్తున్న డూప్లెక్సులు కొన్ని. ఇళ్ల లోపలి పనులు చేయించే దాన్ని కాబట్టి రెండు రకాలూ దగ్గర నుంచి చూస్తుంటాను. చిన్నింట్లోనూ, పెద్దింట్లోనూ వంటగదిలో దీపం మాత్రం వండే మనిషి వీపు వెనకే ఉంటోంది. ఈ పూట మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

రాత్రి ఏడింటికి వంటింట్లోకి వెళ్లి ఒక్క నిమిషం నిలబడి చూడండి. గది మధ్యలో స్లాబుకో, తలుపు మీద గోడకో బల్బు. గట్టు ఎదురు గోడకు ఆనుకొని ఉంటుంది. ఆ గట్టు ముందు నిలబడ్డ ఇల్లాలి తల, భుజాల నీడ సరిగ్గా ఆమె కోస్తున్న కాకరకాయ మీదే పడుతుంది. కత్తి అంచు ఎక్కడుందో, వేలి కొస ఎక్కడుందో తేడా తెలియాల్సిన ఆ జానెడు చోటే ఇంట్లోకెల్లా చీకటిగా ఉంటుంది. అందుకే చాలామంది ఆడవాళ్లు ఒక పక్కకు ఒరిగి, నీడ తప్పించుకుంటూ కోస్తారు. అదొక అలవాటైపోయి, వెలుతురు చాలడం లేదన్న సంగతి వాళ్లకే తట్టదు. అడిగితే "ఏం గాదమ్మా, కనబడుతనే ఉంది" అంటారు.

ఇది మన పెద్దలు చేసిన తప్పు కాదు. పాత ఇళ్లల్లో వంట అర్రలో పొయ్యి నేల మీద ఉండేది, వండే మనిషి పీట మీద కూర్చునేది. ఆమె కూర్చున్న ఎత్తుకు సరిగ్గా గోడలో దిగూడు, అందులో గాసునూనె బుడ్డి. లేదంటే పక్కనే కందీలు. వెలుతురు కొంచెమే, మసి ఎక్కువే. అయినా ఆ కొంచెమూ చేతుల మీద, కత్తిపీట మీద పడేది. తర్వాత గ్యాసు వచ్చింది. 1999లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం దీపం పథకం పెట్టి పేదింటి ఆడవాళ్లకు సిలిండర్ కనెక్షన్లు ఇచ్చాక పల్లెల్లోనూ పొయ్యి నేల మీంచి గట్టెక్కింది. వండే మనిషి లేచి నిలబడింది. పొగ పోయింది, అది చిన్న మేలు కాదు. కానీ అదే సమయంలో దీపం గూట్లోంచి స్లాబు మీదికి పోయింది. పొయ్యీ మనిషీ గోడ వైపు జరిగితే, బల్బేమో గది నడిమికి చేరింది. ఆ రెంటినీ మళ్లీ కలపాలని ఎవరూ ఆలోచించలేదు.

పగలు ఈ ఇబ్బంది ఉండదు. ఆగ్నేయంలో పొయ్యి పెట్టి, తూర్పు ముఖంగా వండాలని మనవాళ్లు పట్టుబట్టి కట్టిస్తారు. తూర్పు గోడకు కిటికీ ఉంటే పొద్దున వెలుతురు ఎదురుగా వచ్చి నేరుగా చేతుల మీద పడుతుంది. పగటి వెలుగుకు అంత చక్కటి లెక్క ఉన్న గదికి రాత్రి వెలుగు లెక్క ఎందుకు లేకుండా పోయిందో ఆలోచించండి. కిటికీ ఎటువైపు నుంచి వెలుతురు ఇస్తుందో దీపం కూడా అటువైపు నుంచే ఇవ్వాలి. వండే మనిషికి ఎదురుగా, లేదా నడినెత్తికి కాస్త ముందుగా. కుడిచేతి వాటం వాళ్లకైతే కొంచెం ఎడమ పక్కకున్నా మంచిదే, కత్తి పట్టిన చెయ్యి నీడ కూరగాయ మీద పడదు.

ఇప్పుడు కొత్తగా వస్తున్న నడిమి గట్టు సంగతికి వద్దాం. ఐలాండ్ కిచెన్ అంటున్నారు. గోడకు ఆనకుండా వంటగది మధ్యలో కట్టే గట్టు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న కొడుకో కూతురో అక్కడి ఇంటి ఫొటో వాట్సాప్‌లో పంపుతారు. తెల్లటి రాయి పరిచిన గట్టు, దాని మీద వరసగా వేలాడే మూడు గాజు దీపాలు. "అమ్మా, మనింట్లో కూడా ఇట్లనే పెట్టిద్దాం" అంటారు. పెట్టించవచ్చు. వేలాడే దీపం నడిమి గట్టుకు నిజంగా సరిపోయేదే, ఎందుకంటే ఎదురు గోడ లేదు, పైన అల్మారాలు లేవు, వెలుతురు రావాల్సింది పైనుంచే. కానీ అక్కడి ఇంటికీ ఇక్కడి ఇంటికీ రెండు తేడాలున్నాయి. అక్కడ చాలా ఇళ్ల పైకప్పు కర్రతో కట్టి, కింద జిప్సం పలకలు కొట్టింది. దీపం ఒక అడుగు జరపాలంటే పలకకు చిన్న రంధ్రం చేసి వైరు లాక్కుంటారు. మనది ఇనుము కట్టి కాంక్రీటు పోసిన స్లాబు. అందులో కరెంటు బాక్సు ఎక్కడ పడితే దీపం అక్కడే. రెండో తేడా, అక్కడి కప్పు సాధారణంగా 8, 9 అడుగుల ఎత్తులో ఉంటే మనం 10 అడుగులు లేపుతాం. వాళ్ల కొలతతో కొన్న దీపం మన దగ్గర మరీ పైన ఆగిపోతుంది.

కొలతలు చెబుతాను, కాగితం మీద రాసుకోండి. మన గట్టు ఎత్తు నేల నుంచి దాదాపు 33 అంగుళాలు. దీపం అడుగు అంచు గట్టు మీద నుంచి 30 నుంచి 36 అంగుళాల పైన ఉండాలి. 33 అనుకుందాం. అంటే నేల నుంచి ఐదున్నర అడుగులు. స్లాబు 10 అడుగుల ఎత్తులో ఉంటే పైనుంచి దీపం అడుగు దాకా నాలుగున్నర అడుగుల వేలాడు కావాలి. దుకాణంలో దొరికే చాలా దీపాలకు మీటరు వైరే ఇస్తారు, అంటే మూడు అడుగుల పైచిల్లర. కాబట్టి కొనేముందే వైరు ఎంత అని అడగండి, పొడుగు వైరు వేయించి తీసుకోండి. కోఠి దగ్గర ట్రూప్ బజారులో కొన్నా, మన సూర్యాపేటలో కొన్నా ఈ ఒక్క ప్రశ్న మరిచిపోవద్దు. తీసుకొచ్చాక వైరుకు అతుకు వేయిస్తే అది గట్టు మీద నడిమధ్యలో టేపు చుట్టుకొని వేలాడుతుంది. చూపుకూ బాగుండదు, భద్రతకూ మంచిది కాదు.

అంత కిందికి ఎందుకంటారా? వెలుతురు దూరం పెరిగే కొద్దీ దూరపు వర్గం లెక్కన తగ్గుతుంది. రెండింతల దూరంలో నాలుగో వంతే మిగులుతుంది. స్లాబుకు అంటించిన బల్బు గట్టుకు 87 అంగుళాల దూరంలో ఉంటుంది. అదే బల్బును 33 అంగుళాల దూరానికి దించితే, సరిగ్గా దాని కింద నేరుగా పడే వెలుతురు దాదాపు ఏడు రెట్లవుతుంది. కరెంటు అంతే, బల్బూ అదే. జాతీయ భవన నియమావళి వంటగదికి 200 లక్స్ వెలుతురు చెబుతుంది. కోసేచోట 300 నుంచి 500 దాకా ఉంటే చేతికి నిమ్మళం. స్లాబు మీద ఒక్క 9 వాట్ల బల్బుతో ఆ లెక్క అందుకోవడం కష్టం. లోపల తెల్లరంగు వేసిన టోపీతో కిందికి దించితే అందుతుంది.

ఎన్ని దీపాలు పెట్టాలన్నది గట్టు పొడుగును బట్టి. 4 అడుగులకు ఒకటి, 6 అడుగులకు రెండు, 8 అడుగులకు మూడు. గట్టు పొడుగును దీపాల సంఖ్యకు రెట్టింపుతో భాగించండి, వచ్చినంత దూరం ఆ చివరా ఈ చివరా వదలండి, దానికి రెట్టింపు దీపానికీ దీపానికీ మధ్య వదలండి. 6 అడుగుల గట్టుకు రెండు దీపాలైతే చివరల నుంచి అడుగున్నర, మధ్యలో మూడడుగులు. మూడు ఉంటేనే అందమని కొందరంటారు. 6 అడుగుల గట్టు మీద మూడు కుక్కితే ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం కనపడదు. నాకు రెండే ఇష్టం.

స్లాబుకు రంధ్రం పెట్టకముందే ఒక పని చేయండి. దీపం సైజులో అట్టపెట్టెలు తీసుకొని, మేస్త్రి గుండు కట్టే దారంతోనే పైనుంచి వేలాడదీయండి. ఇంట్లో పొడుగాటి మనిషినీ, పొట్టి మనిషినీ గట్టు ముందు నిలబెట్టండి. నానమ్మను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టండి. పెట్టె ఎవరి కళ్లకు అడ్డం వస్తోంది, వంగి గిన్నె అందుకుంటే ఎవరి తలకు తగులుతోంది చూసుకోండి. రెండ్రోజులు అట్లనే ఉంచండి. ఆ తర్వాత వచ్చిన కొలత ఏ పుస్తకంలో కొలత కన్నా మీ ఇంటికి సరైనది.

దీపం టోపీ గురించి కొంచెం ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. ఇప్పుడు అందరూ కొంటున్నది స్వచ్ఛమైన గాజు బుడ్డి, లోపల బల్బు బయటికి కనపడేది. ఫొటోలో బాగుంటుంది. కళ్ల ఎదురుగా ఐదున్నర అడుగుల ఎత్తులో బల్బు మొహానికి కొడుతుంటే గట్టు మీద ఏముందో కనపడదు. డెన్మార్క్‌లో పౌల్ హెన్నింగ్సెన్ అనే రూపకర్త దాదాపు నూరేళ్ల కిందటే ఈ బాధ గమనించి, 1920లలోనే బల్బు కంటికి కనపడకుండా ఒకదాని మీద ఒకటి రేకులు పెట్టిన దీపాలు చేశాడు. ఆయన 1958లో చేసిన భోజనాల బల్ల దీపం ఇప్పటికీ తయారవుతోంది. అంత ఖరీదైనది మనకు అక్కర్లేదు. పక్కల నుంచి బల్బు కనపడని, లోపల తెల్లగా ఉన్న సాదా రేకు టోపీ చాలు. గాజే కావాలనుకుంటే పాలగాజు తీసుకోండి.

మన గట్ల మీద పరిచే రాయి వల్ల ఇది ఇంకా ముఖ్యం. చీమకుర్తి నల్ల గ్రానైటు మన దగ్గర ఎక్కువగా వాడతాం. పాలిష్ పట్టిన నల్లరాయి వెలుతురును మింగేస్తుంది, బల్బు బొమ్మను మాత్రం కింది నుంచి మళ్లీ కళ్లలోకి కొడుతుంది. పై బల్బొకటి, రాతిలో బల్బొకటి, మధ్యలో చీకటి. రాయి ఇంకా కొననివాళ్లు లేత రంగుది చూడండి. కొన్నవాళ్లు బల్బు దాగిన టోపీ పెట్టుకోండి, గోడ పలకలన్నా తెల్లవి వేసుకోండి.

ఇంతగా చెప్పడానికి ఒక కారణముంది. మన ఊళ్లల్లో ఈ గట్ల ముందు రోజూ నిలబడుతున్నది ఎవరు? పిల్లలు పట్నాల్లో, పై దేశాల్లో ఉంటే, ఇంత పెద్ద ఇంట్లో వండుకు తింటున్నది అరవై, డెబ్బై ఏళ్ల తల్లులు. ఇరవై ఏళ్ల కంటికి సరిపోయే వెలుతురు అరవై ఏళ్ల కంటికి చాలదు, రెండు మూడింతలు కావాలి. శుక్లాలు మొదలైన కంటికి ఎదురుగా కొట్టే బల్బు ఇంకా బాధ పెడుతుంది, చుట్టూ మసక కమ్మినట్టవుతుంది. బియ్యంలో మట్టిబెడ్డ, పప్పులో పురుగు, చేపలో సన్నముల్లు చూసుకోవాల్సింది ఆ కళ్లే. పంపిన ఫొటోలో దీపాలు బాగున్నాయా అని కాదు, అమ్మకు చాటలో బియ్యం కనపడుతున్నాయా అని అడగండి.

రంగు సంగతి. డబ్బా మీద 6500 కె అని ఉంటే చల్లటి తెలుపు, 2700, 3000 అని ఉంటే దీపపు పసుపు, 4000 వాటి నడుమ. వంటగట్టుకు 3000 నుంచి 4000 మంచిది. దాంతో పాటు సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, రంగులు ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె. 80కి తగ్గనీయొద్దు, 90 దొరికితే వదలొద్దు. దుకాణంలోనే తేల్చుకోవాలంటే ఇంటి నుంచి చిటికెడు కారం, చిటికెడు పసుపు పొట్లం కట్టుకొని పోండి. బల్బు వెలిగించి దాని కింద విప్పి చూడండి. కారం ఎర్రగా కాక ఇటుక పొడిలా కనిపిస్తే ఆ బల్బు కింద వేగుతున్న ఉల్లిగడ్డ ఎర్రబడిందో మాడిందో తేలదు. సెల్‌ఫోన్ కెమెరా బల్బు వైపు పెట్టి చూడండి, తెర మీద చారలు పరుగెత్తితే అది సన్నగా మినుకుతున్నట్టు.

మన ప్రాంతానికి చల్లటి తెలుపు వద్దనడానికి కారణం పురుగులు. మిర్యాలగూడ, కోదాడ ఎప్పటి నుంచో సాగర్ ఎడమ కాలువ కింద వరి సీమ. ఎస్సారెస్పీ రెండో దశ కాలువల్లో నీళ్లు పారాక తుంగతుర్తి వైపూ వరి పెరిగింది. పంట కోతకు దగ్గరయ్యే రోజుల్లో సాయంత్రం దీపం పెడితే పచ్చ దీపపు పురుగులు, దోమ ముసురుకోవడం మీకందరికీ తెలుసు. తొలకరికి ఉసిళ్లు సరేసరి. తెల్ల ఎల్‌ఈడీలో అసలు వెలిగేది నీలి కాంతే, దాని మీద పసుపు పొడి పూత వేసి తెలుపు చేస్తారు. ఆ నీలి ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. చల్లటి తెలుపులో నీలం పాలు ఎక్కువ, పురుగుకు నీలం వైపు మొగ్గెక్కువ. గట్టు మీద వేలాడే దీపం కిందనే తరిగిన కూర, మూత తీసిన పాలు ఉంటాయి కాబట్టి పసుపు వైపు రంగే ఎంచుకోండి. కిటికీకి దోమతెర వేయించండి.

పొయ్యి మీద మాత్రం వేలాడే దీపం పెట్టొద్దు. పోపు పొగ, నూనె ఆవిరి పోయి గాజుకు జిడ్డు పడుతుంది, దాని మీద దుమ్ము అంటుతుంది, నెలకే బల్బు మసకబారుతుంది. పొయ్యికి చిమ్నీలో ఉండే దీపమో, పక్క గోడ దీపమో చాలు. కోసే గట్టు మీద దీపానికైనా చేత్తో విప్పి సబ్బునీళ్లతో కడుక్కునే టోపీ ఉండాలి. లోపల మూలలు, పూసలు, గొలుసులు ఉన్నవి హాల్లో పెట్టుకోండి.

ఫ్యాను లేకుండా మన ఎండలకు వంటింట్లో నిలబడలేం. ఫ్యాను గాలికి వైరు దీపం ఊగుతుంది, నీడలూ ఊగుతాయి. అందుకని ఫ్యాను ఉన్న గదిలో వైరుకు బదులు సన్న ఇనుప గొట్టం మీద నిలిచే దీపం తీసుకోండి. ఫ్యాను రెక్కల పైన ఏ దీపమూ పెట్టొద్దు, రెక్కల నీడ తిరుగుతూ గట్టంతా రెపరెపలాడుతుంది.

కరెంటు పనిలో నేను పట్టుబట్టి చూసేవి చెబుతాను. రేకు దీపానికి మూడు వైర్లు ఉండాలి, మూడోది ఎర్తు. తడిచేత్తో ముట్టుకునే చోటు అది. స్విచ్చు ఫేజు వైరు మీద ఉండాలి, న్యూట్రల్ మీద కాదు. టెస్టరుతో మీ ముందే చూపించమనండి. బోర్డులో 30 మిల్లీయాంపుల లీకేజీ బ్రేకర్ లేకపోతే ఈ సందర్భంలోనే పెట్టించండి. పీఓపీ సీలింగు ఉంటే దీపం బరువు దాని మీద వేయొద్దు, పైన అసలు స్లాబులో ఫాస్టెనర్ దిగ్గొట్టి దానికి వేలాడదీయాలి. హోల్డరు కూడా చూసుకోండి. వేలాడే దీపాలకు చాలావాటికి మర హోల్డరు వస్తుంది. మన ఊరి కిరాణంలో దొరికేది ఎక్కువగా పిన్ను బల్బు. పిన్ను హోల్డరు ఉన్న దీపం అడగండి, లేదా మర బల్బులు రెండు అదనంగా తెచ్చి అల్మారాలో పెట్టుకోండి. బల్బు మార్చే వీలు లేకుండా లోపలే ఎల్‌ఈడీ బిగించినవి మన ఓల్టేజీ ఎగుడుదిగుళ్లకు కాలిపోతే దీపం మొత్తం తీసెయ్యాలి. గట్టు దీపం ఒకటైనా ఇన్వర్టర్ లైను మీద వేయించండి.

నడిమి గట్టు లేనివాళ్లే మనలో ఎక్కువ. వాళ్లకు ఇంకా తక్కువలో పనవుతుంది. గట్టు మీద సజ్జ ఉంటే దాని ముందంచు కింద నాలుగడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు బిగించండి, కళ్లకు కొట్టకుండా ముందు ఒక సన్న పట్టీ పెట్టండి. అల్మారాలుంటే వాటి కింద అల్యూమినియం పట్టీలో ఎల్‌ఈడీ స్ట్రిప్పు వేయించండి. ఏమీ లేని పాత ఇంట్లో, గది మధ్య పాయింటు నుంచే స్లాబు వెంట కేసింగ్ పట్టీలో వైరు లాగి, గట్టు మీదికి వచ్చేలా ఒక కొక్కెం దిగ్గొట్టి దానికి దీపం వేలాడదీయవచ్చు. గోడలు పగలగొట్టేది లేదు, కరెంటు మేస్త్రికి ఒక పూట పని.

బిల్లు భయం పెట్టుకోవద్దు. 9 వాట్ల దీపం రోజూ ఐదు గంటలు వెలిగితే నెలకు యూనిట్టు పైన కొంచెం. పాత 60 వాట్ల బల్బైతే 9 యూనిట్లయ్యేది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు బిల్లే లేదు. ఆ 200లో గట్టు మీద దీపానికి ఒకటిన్నర కేటాయించలేమా? హాల్లో జుమ్మరుకు వేలు పోసే ఇంట్లో వంటగదికి హోల్డరు, బల్బు మాత్రమే మిగలడం నేను చాలా చోట్ల చూశాను. ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది.

ఇల్లు ఇప్పుడు కడుతున్నవాళ్లకు ఆఖరి మాట. స్లాబు పోసే ముందు రోజు, ఇనుము కట్టాక కరెంటు మేస్త్రి పైపులు, బాక్సులు పరుస్తాడు. ఆ పొద్దున ఇంట్లో వండే మనిషిని వెంటబెట్టుకొని వెళ్లండి. కింద గట్టు ఎక్కడ వస్తుందో నేల మీద సున్నంతో గీత గీయండి. ఆమెను ఆ గీత ముందు నిలబెట్టి, చేతులు చాచమనండి. ఆ చేతుల మీదికి గుండు దించి, పైన సెంట్రింగు మీద అదే చోట బాక్సు పెట్టించండి. పది నిమిషాల పని. కాంక్రీటు పడ్డాక ఆ బాక్సును మళ్లీ జరపలేం.